పరుగు నేర్పించిన హవల్దారు మామ

మా పక్కింటి హవల్దారు మామ చనిపోయారు. ఆ గురువారం పొద్దున నేను హిందూపురంలో, నేను పాఠాలు చెప్పే బడిలో ఉన్నాను. పిల్లలు ప్రార్థనకు వరసలు కడుతున్నారు. పెనుకొండ నుంచి అత్త ఫోన్ చేసింది. హవల్దారు మామ భార్యను నేను అత్తా అనే పిలుస్తాను. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆరోజు ఎవరికో నిద్ర చెడిపోతుందన్నట్టు మెల్లగా మాట్లాడింది.

"అమ్మణ్ణీ, మీ మామ లేస్తాండ్లేదు. కాఫీ పెట్టి పిలిచినా. తట్టి పిలిచినా. నువ్వొచ్చి పిలుస్తావా? నువ్వు పిలిస్తే లేస్తాడేమో."

నేను పెనుకొండ చేరేసరికి డాక్టరు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. అయినా అత్త నన్ను చేయి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకుపోయింది. నేను పిలిచాను. ఆమె అడిగింది కాబట్టి, కుడి చెవి దగ్గర వంగి, "మామా" అని పిలిచాను.

నువ్వు పిలిస్తే లేస్తాడేమో అన్న మాట ఆ రోజు నుంచి నన్ను వదలడం లేదు. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నా తప్పు లేదు. ఇన్నేళ్ళూ నేను పిలిచినప్పుడల్లా ఆయన లేచి వచ్చారు. తన ఇంట్లో ఎంత పని ఉన్నా వచ్చారు. ఎందుకు వచ్చేవారో నాకు తెలుసు. తెలిసీ ఆయన్ని ఆ బరువు దించుకునేలా చేయలేకపోయాను. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

ఆయన ఫిరంగుల దళంలో పనిచేసి, హవల్దారుగా రిటైరై పెనుకొండకు తిరిగొచ్చారు. ఫిరంగి మోతలకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి కొంచెం మిగిలింది. ఎవరితో నడిచినా ఆ మనిషి తనకు కుడి పక్కన ఉండేలా చూసుకునేవారు. తెలియనివాళ్ళు పక్క మారితే, ఏమీ చెప్పకుండా తనే చుట్టు తిరిగి ఇటు వచ్చేవారు. పగలు ఒక గోడౌన్ దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం. తెల్లవారుజామున మాత్రం రైల్వే గేటు అవతలి మైదానంలో, మిలిటరీ సెలక్షన్లకు పోవాలనుకునే పిల్లల చేత పరుగు తీయించేవారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవారు కాదు. పరుగు ముగిసే గీత దగ్గర నిలబడి టైము చూసే పని ఇంకెవరికైనా అప్పగించి, తను మాత్రం మైదానం అవతలి మలుపు దగ్గర నిలబడేవారు. అదేమిటని అడిగితే, "అలుపొచ్చేది ఈడనే గదప్పా. నేను ఉండాల్సింది ఈడనే" అనేవారు.

అలా ఆయన పరుగు నేర్పించినవాళ్ళలో నా భర్త ఒకరు. మా ఆయనకు తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి కూలికి పోయేది. చెప్పుల్లేని కాళ్ళతో మైదానానికి వస్తే హవల్దారు మామ తన కాన్వాస్ బూట్లే ఇచ్చారట. అవి పెద్దవైతే ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని పరిగెత్తారట. సెలక్షన్లో గెలిచి వచ్చిన రోజు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారని అత్త చెబుతుంది.

మాది ధర్మవరం. పుట్టింట్లో పట్టుచీరలు నేస్తారు. మా నాయనకు నన్ను మిలిటరీ మనిషికి ఇవ్వడం ఇష్టం లేదు. పెళ్ళికొడుకు తరఫున పెద్దమనిషిగా వచ్చింది హవల్దారు మామే. మా నాయన మగ్గం గుంతలో నుంచి కాళ్ళు తీయకుండానే, అటు తిరిగి దారాలు సర్దుకుంటూ అడిగాడు.

"యాడో కొండల్లో ఉండే పిల్లోనికి బిడ్డనెట్ల ఇయ్యమంటావప్పా? రేపు ఏమన్నా అయితే మాకు చెప్పేదెవురు?"

"ఏమీ కాదు. పిల్లోని పూచీ నాది" అన్నారు హవల్దారు మామ.

మా నాయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. పెళ్ళి జరిగింది.

మా పాపకు నాలుగేళ్ళప్పుడు మా ఆయన సెలవుకు వచ్చి వెళ్ళారు. వెళ్ళిన వారానికే, ఒక మధ్యాహ్నం నేను గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. హవల్దారు మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డారు. పోలీసు స్టేషనుకు కబురొస్తే, ఊళ్ళో మిలిటరీలో చేసిన పెద్దమనిషి ఈయనే కదా అని వాళ్ళు ముందు ఈయనకు చెప్పారట. ఆయన "అమ్మణ్ణీ" అన్నారు. అక్కడే మట్టిలో కూలబడ్డారు. నేను ఎదురుగా కూర్చుని ఏమైంది మామా, ఏమైంది మామా అని అడుగుతూనే ఉన్నాను. చివరికి ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఒకటే.

"నేనే పంపిస్తి. నేనే పంపిస్తినమ్మా వాన్ని."

కొండదారిలో మిలిటరీ లారీ లోయలో పడింది. పెట్టె ఇంటికి వచ్చింది. మా నాయన ధర్మవరం నుంచి వచ్చాడు. హవల్దారు మామ ఆయన ముందుకు వెళ్ళి, తల దించుకుని, "పూచీ నాదంటి అన్నా. నన్నేమన్నా అను" అన్నారు. మా నాయన ఏమీ అనలేదు. భుజం మీద చేయి వేశాడు. అనుంటే ఆయన ప్రాణం కొంచెం తేలికపడేదేమో అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. ఆ మర్నాటి నుంచి హవల్దారు మామ మైదానానికి పోవడం మానేశారు. పిల్లలు వచ్చి గేటు దగ్గర నిలబడి పిలిచేవారు. "నాకు చేతకాదప్పా. ఇంగెవరినన్నా చూసుకోండి" అని తలుపు వేసుకునేవారు.

కొన్ని నెలలకు నాకు పెన్షన్ మంజూరైనట్టు కాగితం వచ్చింది. కానీ మా ఆయన చావును సర్వీసు వల్ల జరిగిన చావుగా లెక్కలోకి తీసుకోలేదని అందులో రాశారు. సెలవు నుంచి తిరిగి వెళ్తూ దారిలో పోయారు కాబట్టి అది ప్రయాణంలో జరిగిన ప్రమాదమేనట. బంధువులు సర్దుకోమన్నారు. ఏదో ఒకటి వస్తోంది కదా, ఆడపిల్లను పెట్టుకుని ఆఫీసుల చుట్టూ ఏం తిరుగుతావు అన్నారు. నాకూ శక్తి లేదు. హవల్దారు మామ మాత్రం ఆ కాగితం చదివించుకుని, లేచి నిలబడ్డారు.

"వాడు ఊరికే యాత్రకు పోయి సచ్చిపోయినాడా? మిలిటరీ లారీ ఎక్కినాక వాడు డ్యూటీలో ఉన్నట్లే. ఆ మాట వాళ్ళ నోట అనిపించల్ల. లే అమ్మణ్ణీ, పోదాం పద."

ఆయనకు రూల్సు తెలుసనుకునేరు. ఏమీ తెలియదు. ఎవరి దగ్గరికి పోవాలో తెలియక మేము ముందు తప్పు ఆఫీసుకే పోయాం. అక్కడ సాయంత్రం దాకా కూర్చున్నాక ఇది మా పని కాదన్నారు. ఇంకోచోట ఆయన గట్టిగా మాట్లాడి పని చెడగొట్టారు. చెవి వినపడని మనిషి కదా, తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. అవతలివాళ్ళు అరుస్తున్నాడనుకునేవారు. ఆయనకు తెలిసింది తోడు రావడం, వచ్చాక కదలకుండా కూర్చోవడం. నేను సిగ్గుతో గోడ వారగా నిలబడితే, "కనపడేట్ల కూచో అమ్మణ్ణీ. మనమేమన్నా దొంగతనానికి వచ్చినామా" అని ముందు బెంచీకి పిలిచేవారు. బస్సులో పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలిచి పెట్టేవారు. గోడౌన్ వాళ్ళు సెలవులు ఎక్కువయ్యాయని ఆ ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. అత్త వేరే ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆ రోజు వాళ్ళింటి ముందు నుంచి నడవడానికి నాకు మొహం చెల్లలేదు.

చివరికి సైనికుల కుటుంబాల సంక్షేమం చూసే ఆఫీసులో ఒకావిడ మమ్మల్ని కూర్చోబెట్టి, నీళ్ళు ఇచ్చి, అంతా విన్నది. "ఆ నిర్ణయమే ఆఖరు కాదమ్మా. దాని మీద అప్పీలు చేసుకునే హక్కు మీకుంది. లాయరుకు ఫీజు ఇచ్చుకోలేకపోతే ఉచితంగా లాయర్ని ఇస్తారు. భర్త పోయినవాళ్ళకు చదువుకోవడానికి సాయం కూడా ఉంది" అని చెప్పింది. అప్పటి దాకా ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. మేము అడగలేదు కూడా. అడగవచ్చని తెలిస్తే కదా అడిగేది. ఈ స్మృతి చదువుతున్న మీలో ఎవరింట్లోనైనా మాలాంటి పరిస్థితి వస్తే ఆ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మొదటి కాగితంతో ఆగిపోకండి.

అలా దొరికిన లాయరమ్మ కేసు చూసి, ఆ రోజు పక్కన ఉన్న మనిషి ఎవరైనా కావాలంది. సెలవు ముగించుకుని క్యాంపులో హాజరై, అధికారి చెబితేనే లారీ ఎక్కాడని ఎవరైనా చెప్పగలిగితే అది డ్యూటీ కిందికి వస్తుంది. మా ఆయనతో పాటు పనిచేసిన ఒకతను అప్పటికి ఉద్యోగం వదిలేసి గౌరీబిదనూరులో ఉన్నాడని తెలిసింది. హిందూపురం దాటితే వచ్చే ఊరే. ఫోన్ చేస్తే ఎత్తలేదు. హవల్దారు మామ రైలెక్కి పోయారు. అతను ఇంట్లో ఉండి కూడా లేనని చెప్పించాడు. మళ్ళీ పోయారు. మళ్ళీ అంతే. తర్వాతసారి నన్నూ వెంట రమ్మన్నారు.

అతను టీ అంగడి నడుపుతున్నాడు. నన్ను చూడగానే ఎవరో అతనికి తెలిసిపోయింది. మా ఆయన దగ్గర ఫోటో చూసి ఉంటాడు. చేతిలోని గ్లాసులు కిందపెట్టి వెనక్కి పోబోయాడు. హవల్దారు మామ కన్నడంలో ఏదో అన్నారు. అతను ఆగి, తెలుగులోనే, నా మొహం చూడకుండా చెప్పాడు.

"ముందు లారీలో నేను ఎక్కాల్సుండె అక్కా. సామాన్లకు కాపలా నాకే చెప్పినారు సాహెబు. నాకు కడుపునొప్పి. నువ్వు వెనక బండిలో పండుకోని రా, నేను పోతానని చెప్పి అన్న ఎక్కినాడు. ఈ మాట నీకెట్ల చెప్పేది? కోర్టులో ఎట్ల చెప్పేది? నా మొగం ఎట్ల చూపించేది?"

ఆ క్షణంలో అతని మీద కోపం వచ్చిందా, జాలి కలిగిందా ఇప్పటికీ చెప్పలేను. హవల్దారు మామ అంగడి లోపలికి పోయి, పొయ్యి మంట తగ్గించి, అతని పక్కన బల్ల మీద కూర్చున్నారు. తన కుడి చెవి అతని వైపు ఉండేలా సర్దుకున్నారు.

"నొప్పి వచ్చింది నీ తప్పా? వాడు ఎక్కింది నీ తప్పా? లారీ పడింది నీ తప్పా? నువ్వు బతికినందుకు ఎవురూ నిన్ను కోప్పడరప్పా. వాడుంటే వాడు కూడా కోప్పడడు. నువ్వు చూసింది చెప్పు, సాలు. అంతకన్నా నువ్వు మోయాల్సింది ఏమీ లేదు."

అతను హవల్దారు మామ భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చాడు. టీకి వచ్చినవాళ్ళు వెనక్కి పోయారు. నేను పక్కన నిలబడి ఆ మాటలే తలుచుకుంటూ ఉన్నాను. వాటిలో ఒక్కటైనా మామ తనకు తను చెప్పుకోవచ్చు కదా. తిరుగు రైల్లో ఆ మాటే అడిగాను.

"మామా, ఆయప్పకు చెప్పినావు కదా. అదే నీక్కూడా వర్తిస్తాది. నువ్వు పంపలేదు. మీ పిల్లోనికే పోవల్లని ఉండె. నాకు నీ మీద ఏ పొద్దూ కోపం లేదు. మా నాయనకూ లేదు."

రైలు చప్పుడులో వినపడలేదేమో అనుకుని, దగ్గరికి జరిగి మళ్ళీ చెప్పాను. ఆయనకు మొదటిసారే వినపడింది.

"నీ మంచితనం అమ్మణ్ణీ" అన్నారు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆయప్పది కడుపునొప్పి. నాది అది కాదు. పరిగెత్తలేనని వాడు కూలబడితే లేపి లేపి పరిగెత్తించింది నేను" అన్నారు.

గౌరీబిదనూరు అతను వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చాలాకాలం పట్టింది గాని, తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. ఆ రోజు వాళ్ళింటి అరుగు మీద కూర్చుని దాన్ని తెలుగులో చదివి వినిపించాను. "విధి నిర్వహణలో ఉండగా మరణించినట్టు" అన్న చోట ఆయన చేయి ఎత్తి ఆపమన్నారు. "ఇంగొకసారి. ఈ పక్కకొచ్చి చదువు" అన్నారు. కుడి పక్కకు వెళ్ళి చదివాను. మళ్ళీ చదవమన్నారు. సంతోషిస్తారనుకున్నాను. తలగుడ్డతో మొహం కప్పుకుని, పెరట్లోకి పోయి, చీకటి పడేదాకా రాలేదు.

సంక్షేమ ఆఫీసు ఆవిడ చెప్పిన చదువు సాయంతోనే నేను ఆగిపోయిన చదువు పూర్తి చేసి, బి.ఎడ్. చేసి, హిందూపురంలో బడిపంతులమ్మనయ్యాను. నాకు ఇల్లు నిలబడింది. వాళ్ళింట్లో మాత్రం ఏమీ మారలేదు. ఆయన చెవులు సర్వీసులోనే పోయాయి కాబట్టి, దానికి వైద్యమూ పెన్షనూ అడిగే హక్కు ఆయనకూ ఉందని ఈ తిరుగుళ్ళలోనే నాకు అర్థమైంది. అడుగుదాం మామా అంటే వినిపించనట్టే ఉండేవారు. అత్త నా చేత చెప్పించేది. గట్టిగా పట్టుబడితే, "చెవులే గదా పోయింది, మనిషి పోలేదు. నాకు అడిగే మొగం లేదు" అనేవారు. అత్త తలుపు చాటు నుంచి నా వైపు చూసేది. నా హక్కు కోసం ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి, తన హక్కు అడగడానికి సిగ్గుపడేది నా ఇంట్లో జరిగిన చావు వల్లే కదా.

మా పాప ఇంటర్ అయిపోగానే మిలిటరీకి పోతానంది. ఇప్పుడు ఆడపిల్లలనూ తీసుకుంటున్నారు, నాలుగేళ్ళ ఉద్యోగానికి. అది నేరుగా పక్కింటికి పోయి, "తాతా, నాకు పరుగు నేర్పించు" అంది. హవల్దారు మామ ఆ పిల్లను ఎత్తుకుని పెంచిన మనిషి. జీవితంలో మొదటిసారి దాని మీద అరిచారు.

"నా ఇంట్లోకి రాకు! ఈ మాట మాట్లాడేదైతే నా వాకిలి తొక్కకు! మీ ఇంట్లో ఒకరిని పంపించింది సాలదా నేను?"

పాప ఏడవలేదు. "నువ్వు నేర్పించకపోతే నేనే ఉరుకుతా" అని వచ్చేసింది. మర్నాటి నుంచి పెద్ద రోడ్డు అంచున ఒక్కతే పరిగెత్తడం మొదలుపెట్టింది. లారీలు ఒరుసుకుంటూ పోయే రోడ్డు. నేను వద్దంటే వినలేదు. కొన్నాళ్ళకు హవల్దారు మామ మా గుమ్మంలోకి వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అది లారీల పక్కన ఉరుకుతాండాది. అడుగు కూడా తప్పేస్తాండాది, మోకాలు పోతాది" అన్నారు. గడప దాటకుండానే, "నువ్వు చెప్పమ్మా. నువ్వు పోనీ అంటేనే. వద్దంటే నేనే దాని కాళ్ళు పట్టుకోని ఆపుతా" అన్నారు.

నాకు వద్దని చెప్పాలనే ఉంది. పాప నా వెనకే నిలబడి వింటోంది. దాని ఊపిరి వినిపిస్తోంది. "దానికి పోవల్లని ఉండాది మామా. నేర్పించు. ఈసారి పంపించేది నేను, నువ్వు కాదు" అన్నాను.

ఆయన ఆ మాటకు నా మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత పాపను పిలిచి ఒక షరతు పెట్టారు.

"ముందు మైదానానికి కాదు పోయేది. మీ నాయనకు నేను పరుగు ఒకటే నేర్పిస్తి. తక్కింది ఏదీ చెప్పలేదు, నాకూ తెల్దు కాబట్టి. నువ్వు అన్నీ అడిగి తెలుసుకోనే పోవల్ల. దెబ్బ తగిలితే ఎవురు చూస్తారు, అన్యాయం జరిగితే ఎవురికి చెప్పల్ల, నాలుగేండ్లకే ఇంటికి పొమ్మంటే అప్పుడేమి."

"సరే తాతా. నాదీ ఒక షరతు. నువ్వు చెవులు చూపించుకోవల్ల" అంది పాప.

అలా ఇద్దరూ కలిసి, మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చిన ఆ సంక్షేమ ఆఫీసుకే పోయారు. పాప అడగాల్సినవన్నీ అడిగింది. కొన్నిటికి జవాబులు నచ్చలేదు. నాలుగేళ్ళ తర్వాత సంగతి విని హవల్దారు మామ వచ్చే దారంతా గొణుగుతూనే ఉన్నారట. కానీ తెలిసే పోతోంది కదా అన్నారు. మాట ప్రకారం మాజీ సైనికులకు వైద్యం చేసే చోట చెవులు చూపించుకున్నారు. కుడి చెవికి మిషన్ పెట్టారు. ఆ తర్వాత ప్రతి ఉదయం తాతా మనవరాలూ మైదానంలోనే. ఆయన మళ్ళీ మలుపు దగ్గరే నిలబడ్డారు.

పాప సెలక్షన్లో గెలిచాక మా అమ్మ అత్తకు ఒక చీర పెట్టాలని ధర్మవరం రమ్మంది. మా నాయన లేడు ఇప్పుడు, మా తమ్ముడు నేస్తాడు. హవల్దారు మామ చెవికి మిషన్ పెట్టుకుని మగ్గం దగ్గర కూర్చున్నారు. తమ్ముడు నాడెను దారాల మధ్య విసిరి, నేత బిగించే పలకను లాగి కొట్టగానే ఉలిక్కిపడ్డారు.

"ఇంత సప్పుడుంటాదా దీనికి? మీ నాయనతో పిల్లనడగను వచ్చినప్పుడు నాకేమీ ఇనపడలేదే!"

అందరం నవ్వాం. ఆయన భోజనానికి పిలిచినా లేవకుండా చాలాసేపు మగ్గం శబ్దం వింటూ కూర్చున్నారు. పక్కింట్లో కూడా మగ్గం నడుస్తోందని ఆయనే కనిపెట్టి మాకు చెప్పారు. ఇన్నేళ్ళలో ఆయన మొహంలో అంత తేట నేను చూసింది ఆ ఒక్క రోజే. ఇంకా ముందే గొడవపడైనా చెవులు చూపించి ఉంటే అలాంటి రోజులు ఆయనకు ఇంకొన్ని దక్కేవి.

పాపను బెంగళూరు శిక్షణకు పంపిన రోజు స్టేషన్లో ఆయన పాప పెట్టె తనే మోశారు. రైలు పోయాక, "ఆ పొద్దు నువ్వన్న మాట నిజమేనా అమ్మణ్ణీ? ఈసారి పంపించింది నువ్వేనా?" అని అడిగారు. నిజమే మామా అన్నాను. తల ఊపారు. కానీ ఆ రోజు నుంచి భోజనం తగ్గించేశారని, పాప ఫోన్ చేసే ఆదివారం తప్ప మిగతా రోజులు ఊరికే వాకిలి చూస్తూ కూర్చునేవారని అత్త చెప్పింది. పాప శిక్షణ ఇంకా పూర్తి కాలేదు. ఈలోగానే ఆయన వెళ్ళిపోయారు.

ఆ గురువారం హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషులు వచ్చారు. ఒకప్పుడు ఆయన చేతి కింద పరిగెత్తినవాళ్ళు. కొందరికి బొజ్జలు వచ్చాయి, కొందరికి జుట్టు నెరిసింది. కొందరు ఉద్యోగాల్లో ఉండి అప్పటికే సెలవు మీద ఊరికి వచ్చినవాళ్ళు, కొందరు ఏ సెలక్షన్లోనూ గెలవక ఇక్కడే ఆటోలు నడుపుకుంటున్నవాళ్ళు. గౌరీబిదనూరు అతనూ వచ్చాడు. పాడె మోయడానికి మనుషులు ఎక్కువై వంతులు వేసుకున్నారు.

అత్త నా పక్కన కూర్చుని వాళ్ళందరినీ చూస్తోంది. నా వైపు తిరగకుండానే అంది.

"ఆయప్ప నా మొగుడే గానీ, సగం కాపరం మీ ఇంట్లోనే చేసినాడు అమ్మణ్ణీ. నేను తప్పుపట్టడంలేదు. తప్పుపట్టే మనిషినైతే ఇన్నేండ్లు ఉండనిస్తునా. ఊరికే చెప్తాండా."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. క్షమించమని అడిగితే ఆమె ఏమీ జరగలేదంటుంది. కృతజ్ఞతలు చెబితే ఆయనకే చెప్పినట్టవుతుంది, ఆమెకు కాదు. ఇప్పుడు ఆమె కుటుంబ పెన్షన్ కోసం తిరగాల్సి ఉంది, నేను తోడు వెళ్తాను. ఆయన ఉన్నప్పుడు నేను తీసుకున్నదాంట్లో ఒక ముక్కైనా ఆమెకు తిరిగి ఇచ్చినట్టవుతుందని నాకు నేను చెప్పుకుంటున్నాను. నమ్మకం మాత్రం లేదు.

పాపకు చెప్పాలి కదా. శిక్షణ జరిగే చోటికి ఫోన్ చేశాను. మాట్లాడిన సుబేదారు గారు మర్యాదగా విన్నారు. పోయింది అమ్మ తరఫు తాతా, నాన్న తరఫు తాతా అని అడిగారు. పక్కింటాయన అని చెప్పాల్సి వచ్చింది. ఆ మాట నా నోటితో అంటుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించింది. శిక్షణలో ఉన్నవాళ్ళకు సొంత కుటుంబంలో జరిగితేనే సెలవని, తన చేతిలో లేదని ఆయన నొచ్చుకుంటూ చెప్పారు. "సాయంత్రం మీ అమ్మాయి చేత ఫోన్ చేయిస్తానమ్మా. అంత మాత్రం చేయగలను" అన్నారు.

చెప్పినట్టే సాయంత్రం ఫోన్ వచ్చింది. మేము అప్పటికే శ్మశానం నుంచి వచ్చి స్నానాలు చేశాం. పాప గొంతు వినగానే దానికి ముందే తెలిసిందని అర్థమైంది.

"ఎవురు మోసినారు మా?"

"అందరూ మోసినారు. శానామంది వచ్చినారు."

"నేను ఉండాల్సింది."

నేను ఉండి ఏం చేశానని ఆ పిల్లకు చెప్పను. అటువైపు ఎవరో దాన్ని పిలిచారు. "సాయంకాలం హాజరు మా. పోవల్ల" అని, ఫోన్ కట్ చేయకుండా బల్ల మీద పెట్టి పరుగెత్తిపోయింది. నేను పెట్టేయలేదు. దూరంగా మైదానంలో ఎవరో గట్టిగా హిందీలో పేర్లు చదువుతున్నారు. ఒక్కొక్క పేరు, వెంటనే ఒక్కొక్క ఆడపిల్ల గొంతు. నేను చెవికి ఫోను అదిమిపెట్టుకుని, వాళ్ళింటి అరుగు మీదే కూర్చుని వింటున్నాను. అన్ని పేర్ల మధ్య ఒకచోట నా భర్త ఇంటిపేరు వినిపించింది. ఒక్క క్షణం ఏ శబ్దమూ లేదు. తర్వాత మా పాప గొంతు, ఏ వణుకూ లేకుండా, మైదానమంతా వినపడేటంత పెద్దగా పలికింది.